జూన్ ఎండలో చుక్కల దుప్పి: షోల్డర్ మౌంట్‌కి తోలు పాడవకుండా ఎలా తేవాలి?

ఫ్రిస్కో_వేట
జూన్ రెండో వారంలో టెక్సస్ హిల్ కంట్రీలో, జంక్షన్ దగ్గర ఒక ర్యాంచ్‌కి చుక్కల దుప్పి వేటకి వెళ్తున్నాం. మగది దొరికితే తల, భుజాల వరకు మౌంట్ (గోడకి తగిలించే, తోలు తొడిగిన బొమ్మ) చేయించాలి. వెనక భాగం చుక్కల తోలు కూడా బొచ్చుతోనే ట్యానింగ్ చేయించాలని ఉంది. మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటుతుంది. అక్కడ వాక్-ఇన్ కూలర్ (మనిషి లోపలికి వెళ్లగలిగే చల్లటి గది) ఉంది, ఫ్రీజర్ లేదు. ఇంటికి ఐదు గంటల దారి. గాట్లు ఎక్కడ పెట్టాలి? ఉప్పు రాయాలా?

తోలుపని
రెండూ ఒకే తోలులోంచి వస్తాయి, గాట్ల వరస తప్పకపోతే చాలు. పేగులు తీసేటప్పుడు కడుపు గాటు ఛాతీ ఎముక దగ్గర ఆపేయండి. అలవాటు కొద్దీ కత్తి గొంతు దాకా పోనిస్తే మౌంట్ ముందువైపంతా కుట్లే కనిపిస్తాయి. తెల్లతోక జింకకైతే మెడ మీద ఒత్తైన బొచ్చు కుట్టుని దాచేస్తుంది. దుప్పికి బొచ్చు పొట్టి, నున్నన. ఏదీ దాగదు. అందుకే గొంతు కోయకూడదు, మెడకి తాడు కట్టి ఈడ్వకూడదు, గుండు కూడా మెడకి తగలకుండా చూసుకోవాలి.

ఒలవడానికి ముందు, చెవుల వెనక మెడ చుట్టుకొలత టేపుతో కొలిచి రాసుకోండి. తర్వాత భుజానికి కనీసం ఒక జాన వెనక, పక్కటెముకల మీదుగా ఒంటి చుట్టూ గాటు. ముందు కాళ్లకి మోకాలి పైన చుట్టూ ఒక గాటు, అక్కడినుంచి కాలి వెనకవైపు, తెల్లబొచ్చూ గోధుమరంగూ కలిసే గీత వెంబడే పైకి వెళ్లి ఒంటి గాటుని కలపాలి. ఆ గీత మీద పడిన కుట్టు కనిపించదు. ఇక చొక్కా విప్పినట్టు తోలుని తల వైపు లాగుతూ రండి. చెవుల కిందికి నాలుగు వేళ్ల దూరం రాగానే ఆపి, అక్కడ మెడ కీలు విప్పి తల వేరు చేయండి. కళ్లు, పెదవులు, ముక్కు జోలికి వెళ్లొద్దు. అది ట్యాక్సిడెర్మిస్ట్ (మౌంట్ తయారుచేసే నిపుణుడు) పని.

వెనక భాగానికి కడుపు గాటునే తోక దాకా పొడిగించి, తొడల లోపలివైపు నుంచి విప్పితే చుక్కలు చెదరకుండా పరుపులా వస్తుంది. చుట్టుగాటు ఎంత వెనక పడితే మౌంట్‌కి అంత మంచిది, పరుపుకి అంత నష్టం. ఒకటి ఎంచుకోవాల్సి వస్తే మౌంట్‌కే ఎక్కువ వదలండి.

లానో_గట్టు
తీసిన వెంటనే దండిగా ఉప్పు పట్టించి, మడిచి, ఇంటికెళ్లి ఫ్రీజర్‌లో పడేయండి. ఏమీ కాదు.

తోలుపని
లేదండీ, అక్కడే చాలా తోళ్లు పోతాయి. ఉప్పు పట్టిన తోలు మామూలు ఫ్రీజర్‌లో సరిగా గడ్డకట్టదు. అటు ఆరదు, ఇటు గడ్డకట్టదు. ఉప్పో ఫ్రీజరో, ఏదో ఒకటే.

పైగా మాంసం, కొవ్వు గీకకుండా ఉప్పు రాస్తే అది తోలు లోపలికి చేరదు. చెవిలో మెత్తటి ఎముక వెనక, పెదవుల మడతల్లో అసలు చేరదు. బ్యాక్టీరియా పట్టేది ముందు అక్కడే. పై పొర వదిలేసి బొచ్చు ఊడుతుంది, ఇక్కడ హెయిర్ స్లిప్ అంటారు. చెవి అంచున, కడుపు దగ్గర రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడండి. ఒకటి రెండు వెంట్రుకలు రావడం మామూలే. కుచ్చుగా, కింద పల్చటి పొరతో సహా వచ్చిందంటే ఆ తోలు ఇక మౌంట్‌కి పనికిరాదు. ట్యానింగ్ దాన్ని బాగుచేయదు.

మీకు కూలర్ ఉంది కాబట్టి ఉప్పు అక్కర్లేదు.

ఉప్పుగల్లు
కూలర్ దొరక్క ఉప్పే దిక్కయిన వాళ్ల కోసం: చెవులు లోపలికి తిప్పి, పెదవులు, ముక్కు చీల్చి, మాంసమంతా గీకాకే. తోలు బరువు ఎంతో ఉప్పు అంత. అయోడిన్ లేని సన్న ఉప్పు కావాలి, ఫీడ్ స్టోర్లలో 50 పౌండ్ల బస్తా దొరుకుతుంది. రాళ్ల ఉప్పు వద్దు, గల్లుకీ గల్లుకీ మధ్య తోలు కుళ్లుతుంది. ఏటవాలు పలక మీద నీడలో పరచాలి. 24 గంటలకి తడి ఉప్పు దులిపి కొత్తది అంతే మళ్లీ. ఎండలో పెడితే తోలు ఉడికినట్టయి గట్టిపడుతుంది.

ఫ్రిస్కో_వేట
చాలా థాంక్స్ అండీ. కూలర్ నుంచి కారులో తెచ్చే ఐదు గంటల సంగతి? నేరుగా ఐస్‌లో పెట్టనా?

తోలుపని
నేరుగా వద్దు. కరిగిన నీళ్లలో నానితే బ్యాక్టీరియాకి పండగే. ముందు కూలర్‌లో తోలుని విప్పి వేలాడదీయండి, లోపలి వేడి పూర్తిగా పోవాలి. వేడిగా ఉండగా చుట్టేస్తే పైన చల్లబడినా నడిమధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, ఊడేది అక్కడే. చల్లబడ్డాక మాంసం వైపు మాంసం వైపుకి మడిచి, వదులుగా చుట్టి, రెండు కవర్లలో వేసి మూతి బిగించండి. ఐస్ పెట్టెలో కింద ఐస్, పైన ఐస్, నీళ్లు బయటికి పోయే బిరడా తీసి ఉంచండి. ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టేముందు ముక్కుకీ చెవులకీ తడి పేపర్ టవల్ చుట్టండి, లేకపోతే అవి ఎండిపోతాయి.

వీలైతే కెర్‌విల్ వైపు ట్యాక్సిడెర్మిస్ట్‌తో ముందే మాట్లాడుకుని అదే రోజు ఇచ్చేయండి. దుప్పి టెక్సస్‌లో 1932లో వదిలిన విదేశీ జంతువు, దానికి సీజన్ లేదు, కానీ హంటింగ్ లైసెన్స్ ఉండాలి. మౌంట్‌ని ఇండియాలో ఇంటికి పంపే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్న జంతువు అది.