గుంపు రేసులో ప్రైమరీ ఓటు ఎవరికి? మనసుకు నచ్చినవాళ్లకా, గెలిచేలా ఉన్నవాళ్లకా?

ఫ్రిస్కో శ్రీను

ప్రైమరీ అంటే అధ్యక్ష ఎన్నికకి ముందు ఒక్కో పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్. 2020 నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. 2028లో రెండు పార్టీల్లోనూ కుర్చీ ఖాళీయే కాబట్టి మళ్లీ పదిహేను ఇరవై మంది దిగేలా ఉన్నారు, అందుకే ఇప్పుడే అడుగుతున్నా.

సిటిజన్‌షిప్ వచ్చాక నేను వేసిన మొదటి ప్రైమరీ ఓటు 2020లోనే, డెమొక్రాట్ల వైపు. టెక్సస్‌లో ఎర్లీ ఓటింగ్ (పోలింగ్ రోజుకు ముందే వేసేది) ఫిబ్రవరి 18 నుంచి 28 దాకా. నేను 27 సాయంత్రం ఆఫీసు అయ్యాక పాపని ఎత్తుకుని లైబ్రరీలో లైన్లో నిలబడి అమీ క్లోబుచర్‌కి వేశాను. ఆవిడ డిబేట్లన్నీ చూశా, మాట నచ్చింది, పని చేసే మనిషి అనిపించింది. ‘నేను ఓటేశాను’ స్టిక్కర్ పాప చొక్కాకి అంటించి ఫోటో తీసి ఇంటికి పంపితే మా నాన్న ఎంత మురిసిపోయారో. 29న సౌత్ కరోలినాలో బైడెన్ భారీగా గెలిచారు, మార్చి 1న బుటిజెజ్ తప్పుకున్నారు, 2న క్లోబుచర్ తప్పుకున్నారు. అదే రాత్రి ఆవిడ మా ఇంటికి ముప్పావు గంట దూరంలో ఉన్న డాలస్‌కి వచ్చి స్టేజీ ఎక్కి బైడెన్‌కి ఓటేయమన్నారు. నేను ఓటేసి అప్పటికి నాలుగు రోజులు. వేసిన ఓటు వెనక్కి తీసుకునే దారి లేదు.

అందుకని నా వాదన ఇది. గుంపు ఎక్కువున్న రేసులో చివరి రోజు దాకా ఆగాలి. డెమొక్రాట్లలో ఒక రాష్ట్రంలో గానీ దానిలోని డిస్ట్రిక్ట్‌లో గానీ 15 శాతం దాటకపోతే అక్కడ డెలిగేట్లు (పార్టీ సభలో అభ్యర్థిని ఎంచుకునే ప్రతినిధులు) రారు కాబట్టి, మన రాష్ట్రంలో ఆ గీత దాటేలా ఉన్నవాళ్లలోంచే ఒకరిని ఎంచుకోవాలి. మీరేమంటారు?

ఎడిసన్ లక్ష్మి

శ్రీను గారూ, మీ బాధ అర్థమైంది కానీ మందు తప్పు చెబుతున్నారు. ‘గెలిచేలా ఉన్నవాళ్లు’ అనేది మనకి ఎవరు చెబుతారు? 2020లో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో 8.4 శాతంతో ఐదో స్థానం. ఆ రోజు మీ లెక్కతో ఓటేసేవాళ్లు ఆయన్ని జాబితాలోంచి కొట్టేసి ఉండేవాళ్లు. ఇరవై రోజుల తర్వాత ఆయనే ముందున్నారు.

2019లో మా పాట్‌లక్‌లలో కమలా హ్యారిస్ పేరు వస్తే చాలు, ‘మాకు ఇష్టమే కానీ మిగతావాళ్లు వేయరు’ అనేవాళ్లు. అడిగిన ప్రతి ఒక్కరికీ ఇష్టమే, ప్రతి ఒక్కరికీ పక్కవాడి మీదే అనుమానం. చివరికి డబ్బు చాలక డిసెంబర్ 3న, ఒక్క రాష్ట్రం కూడా ఓటేయకముందే ఆవిడ తప్పుకున్నారు. పక్కింటివాళ్ల మనసులో ఏముందో ఊహించి, ఆ ఊహ మీద మన ఓటు వేయడం నాకు నచ్చదు. నవంబర్లో ఎలాగూ ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాలి, అక్కడ సర్దుకుంటాం. ప్రైమరీలో కూడా సర్దుకుంటే ఇక మనకి ఏం కావాలో పార్టీకి ఎప్పుడు తెలుస్తుంది?

ఇంకో మాట, మీ ఓటు నాలుగు రోజుల తేడాతో పోయింది. మా న్యూజెర్సీ ప్రైమరీ కోవిడ్ వల్ల జులై 7కి వెళ్లింది. బైడెన్‌కి చివరి పోటీదారు శాండర్స్ ఏప్రిల్ 8నే ఆపేశారు. మాకు ఎంచుకోవడానికే ఎవరూ మిగల్లేదు.

షార్లెట్ రఘు

నేను రిపబ్లికన్ వైపు, 2016లో రూబియోకి ఎర్లీ ఓటు వేసినవాడిని. శ్రీను గారి ప్రశ్నకి ఒకే జవాబు ఉండదని నా అనుభవం, మీ రాష్ట్రంలో డెలిగేట్లు ఎలా పంచుతారో చూడకుండా ఏ లెక్కా నిలవదు.

ఆ ఏడాది సౌత్ కరోలినాలో ట్రంప్‌కి 32.5 శాతం, రూబియోకి 22.5, క్రూజ్‌కి 22.3. అంటే మూడింట రెండొంతుల మంది ఇంకెవరికో వేశారు. డెలిగేట్లు మాత్రం 50కి 50 ట్రంప్‌కే, ఎందుకంటే అక్కడ రాష్ట్రమంతా గెలిచినవాడికీ, డిస్ట్రిక్ట్ గెలిచినవాడికీ మొత్తం ఇచ్చేస్తారు. మూడు వారాల తర్వాత మా నార్త్ కరోలినాలో ట్రంప్‌కి 40, క్రూజ్‌కి దాదాపు 37 వస్తే డెలిగేట్లు 29, 27. ఓట్ల ప్రకారం పంచారు కాబట్టి ఇక్కడ నా ఓటుకి కూడా ఎంతో కొంత విలువ దక్కింది, రూబియోకి 6 వచ్చాయి. అదే రోజు ఫ్లోరిడాలో సగానికి తక్కువ ఓట్లతో ట్రంప్ మొత్తం 99 పట్టుకుపోయారు. ఒకే రోజు, ఒకే పార్టీ, రెండు రాష్ట్రాలు. మా ఇంట్లో మనసు చెప్పినట్టు వేసినా నష్టం లేదు, సరిహద్దు దాటి సౌత్ కరోలినాలో ఉన్న మా తమ్ముడి ఇంట్లో అదే పని చేస్తే ఓటు చీలినట్టే.

నాకు కోపం ఓటర్ల మీద కాదు, నాయకుల మీద. ముందున్నవాడిని వదిలేసి పక్కనున్నవాడిని కొట్టారు. న్యూహాంప్‌షైర్‌కి మూడు రోజుల ముందు డిబేట్‌లో మరో అభ్యర్థి క్రిస్టీ పనిగట్టుకుని రూబియోని పట్టుకున్నారు. ఆయన అదే వాక్యం మళ్లీ మళ్లీ అప్పజెబుతుంటే టీవీ ముందు నాకు చెమట పట్టింది. రూబియో ఐదో స్థానానికి పడ్డారు, క్రిస్టీ ఆరో స్థానంలో ఉండి మర్నాడే ఇంటికెళ్లారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు. 2004 డెమొక్రాట్లలో డీన్, గెఫార్ట్ అయోవాలో ఒకరి మీద ఒకరు యాడ్స్ కుమ్మరిస్తే కెర్రీ, ఎడ్వర్డ్స్ పైకొచ్చారు కదా, అదే కథ.

ట్రంప్‌ని ఆపడానికి పొత్తు కూడా పెట్టుకున్నారు, ఏప్రిల్ నెలాఖరులో! ఇండియానా క్రూజ్‌కి వదిలేస్తానని మరో అభ్యర్థి కేసిక్, ఒరెగాన్, న్యూమెక్సికో కేసిక్‌కి వదిలేస్తానని క్రూజ్. అప్పటికే ఆలస్యమైంది. మే 3న ఇండియానాలో ఓడి క్రూజ్ తప్పుకున్నారు.

పల్నాడు టు బే ఏరియా

రఘు అన్న చెప్పింది చదువుతుంటే నాకు మన 2009 గుర్తొచ్చింది. మా ఇంట్లో మా అన్న, నేను ప్రజారాజ్యానికి, నాన్న టీడీపీకి. ప్రజారాజ్యానికి 16 శాతం పైనే ఓట్లు వచ్చినా సీట్లు 294లో 18. కాంగ్రెస్ 156తో నిలబడింది. నాన్న ఆ తర్వాత ఒక ఏడాది మాతో రాజకీయం మాట్లాడలేదు. 2024లో జనసేన పొత్తులో 21 చోట్ల పోటీచేసి 21 గెలిచింది. ఓటు చీలనివ్వకపోతే ఏమవుతుందో కళ్లారా చూశాం. కాబట్టి నేను శ్రీను అన్న వైపు. గెలుపు గుర్రం ఎక్కాలి.

కాలిఫోర్నియాలో బ్యాలెట్ నెల ముందే ఇంటికొస్తుంది. 2020లో తప్పుకున్న బుటిజెజ్‌కి మా రాష్ట్రంలో రెండు లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి. వచ్చిన కవరు వంటింటి బల్ల మీద పెట్టి చివరి రోజు దాకా ముట్టుకోకండి.

ఎడిసన్ లక్ష్మి

తమ్ముడూ, ఆ పోలిక ఇక్కడ సరిగ్గా అతకదు. అక్కడ నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సీటు మొత్తం వాళ్లదే, ఆ రోజుతో కథ ముగిసింది. ఇక్కడ డెమొక్రాట్లలో ఓట్ల ప్రకారం డెలిగేట్లు, అదీ నాలుగైదు నెలల పాటు యాభై రాష్ట్రాల్లో. ఫిబ్రవరిలో చీలిన ఓటు మార్చిలో కలవడానికి టైం ఉంటుంది, 2020లో కలిసింది కూడా.

పైగా చీలిన ఓట్లన్నీ కలిపితే ఒకరి ఖాతాలోకే వెళ్తాయని ఎలా అనుకుంటాం? రూబియో ఓటరు క్రూజ్‌కే వెళ్తాడని గ్యారంటీ ఏంటి, కొందరు ట్రంప్‌కి వెళ్లేవాళ్లేమో. 2024 అయోవా చూడండి, ట్రంప్‌కి 51 శాతం. డిశాంటిస్, హేలీ, మన వివేక్ రామస్వామి ముగ్గురివీ కలిపినా ఆయన్ని దాటవు. దాదాపు 8 శాతం తెచ్చుకున్న వివేక్ ఆ రాత్రే తప్పుకుని ట్రంప్‌కే మద్దతిచ్చారు కూడా. అన్నిటికీ చీలికే కారణం అనేస్తే ఓడినవాళ్లకి అసలు మద్దతే లేదన్న సంగతి కప్పిపుచ్చినట్టవుతుంది.

డి మాయిన్ మాస్టారు

2020 ఫిబ్రవరి 3న నేను అయోవా కాకస్‌లో (బూత్‌కి బదులు ఆ చుట్టుపక్కలవాళ్లంతా ఒకచోట కూడి అభ్యర్థిని ఎంచుకునే సభ) ఉన్నాను, అది ఒకసారి చెప్తాను. లెక్కల యాప్ పనిచేయక ఫలితాలు ఆలస్యమయ్యాయని అందరికీ గుర్తుంది, ఆ గదిలో ఏం జరిగిందో చాలామందికి తెలీదు.

స్కూల్ జిమ్. గోడలకి ఒక్కో అభ్యర్థి పేరుతో కాగితం. ఎవరికి ఎవరు నచ్చితే ఆ మూల నిలబడాలి. నేను యాంగ్ మూలలో, మేం పదకొండు మంది. తలలు లెక్కపెట్టారు, 15 శాతానికి మేం సగం కూడా లేం. అప్పుడు మిగతా మూలల వాళ్లు మా దగ్గరికొచ్చారు. వారెన్ గుంపు నుంచి మా అమ్మాయికి పియానో నేర్పే ఆవిడ వచ్చారు, పక్క వీధి కుర్రాడు శాండర్స్ బ్యాడ్జీతో వచ్చాడు. ఎవరూ మమ్మల్ని ‘ఓటు వేస్ట్ చేశారు’ అనలేదు. ‘మీ తర్వాతి ఇష్టం ఎవరు?’ అని అడిగారు. కార్డుకి ఒక వైపు మొదటి పేరు రాశాం, తిప్పి రెండో వైపు రెండో పేరు రాశాం. మనసులో ఉన్న పేరు రాశాను, పనికొచ్చే పేరు కూడా రాశాను. రెండో పేరు అడిగిన ఎన్నిక నా జీవితంలో అదొక్కటే.

కాకస్‌లో తిప్పలు లేవని కాదు. రాత్రి డ్యూటీ ఉన్నవాళ్లు రాలేరు, పసిపిల్లలున్నవాళ్లు రాలేరు, పక్కింటివాళ్ల ఎదుట నిలబడటం ఇష్టం లేనివాళ్లు రారు. డెమొక్రాట్లు 2024లో, అందరికంటే ముందు ఓటేసే రాష్ట్రంగా మాకున్న స్థానం తీసేశారు కూడా. కానీ అదే పద్ధతి కాగితం మీద చేయొచ్చు. 2020లోనే అలాస్కా, హవాయి, వయోమింగ్, కాన్సస్ డెమొక్రాట్లు 1, 2, 3 అని వరుస రాయించుకున్నారు. వెనకబడ్డవాళ్ల ఓట్లు తర్వాతి పేరుకి వెళ్లాయి. శ్రీను గారికి ఆ బ్యాలెట్ ఉండి ఉంటే ఫిబ్రవరి 27న ఓటేసినా నిశ్చింతగా నిద్రపోయేవారు.

గ్రీన్‌కార్డ్ సుధ

నాకు ఓటు లేదు, అయినా ఒక మాట. గుంపు తయారయ్యేది ఓటింగ్ రోజున కాదు, అంతకు ఏడాది ముందు. 2019 జూన్ డిబేట్లకి పోల్స్‌లో గానీ, 65,000 మంది దాతల లెక్కతో గానీ అర్హత ఇచ్చారు, రెండు రాత్రులు కలిపి ఇరవై మంది స్టేజీ ఎక్కారు. అప్పుడు ఒక్క డాలరు కూడా ఓటులాంటిదే. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు చట్టప్రకారం చందా ఇవ్వొచ్చు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు మాత్రం ఇవ్వకూడదు, దయచేసి ఆ పొరపాటు చేయకండి. కమలా హ్యారిస్ డబ్బు లేక తప్పుకున్నప్పుడు బాధపడినవాళ్లలో ఎంతమంది పాతిక డాలర్లు పంపారో అని నాకు అనిపిస్తుంది. నేను పంపలేదు. ఈసారి పంపుతా.

ఫ్రిస్కో శ్రీను

అందరికీ థాంక్స్, మొత్తం రెండుసార్లు చదివాను.

లక్ష్మి గారూ, ఒకటి ఒప్పుకుంటున్నా. ‘గెలిచేలా ఉన్నవాళ్లు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, ఫిబ్రవరి మధ్యలో నన్ను అడిగి ఉంటే నేనూ బైడెన్‌ని కొట్టేసేవాడినే. కానీ ఆగమన్న మాట మాత్రం వదలను. మినసోటా క్లోబుచర్ సొంత రాష్ట్రం, ఆవిడ తప్పుకున్న మర్నాడే అక్కడ పోలింగ్. అప్పటిదాకా వేయకుండా ఆగినవాళ్లకి మళ్లీ ఎంచుకునే అవకాశం దొరికింది, బైడెన్ అక్కడ దాదాపు 9 శాతం తేడాతో గెలిచారు. మనసు మార్చుకోమని నేను అనడం లేదు, మార్చుకునే వీలు చేతిలో ఉంచుకోమంటున్నా.

రఘు గారి మాటతో నాకు ఇంకోటి తట్టింది. తప్పుకోవడం తప్పు కాదు, తప్పుకునే రోజే సమస్య. టెక్సస్‌లో పది రోజులకు పైగా జనం లైన్లలో నిలబడి ఓట్లేసి, బూత్‌లు మూసిన రెండు మూడు రోజులకి ఇద్దరు వెళ్లిపోయారు. సౌత్ కరోలినా దాకా చూద్దామనుకుని ఉంటారు, మనిషి ఆశ నాకు అర్థమవుతుంది. కానీ ఆ మధ్యలో మా ఓట్లు నలిగిపోయాయి. వాళ్ల సభలకెళ్లి వాలంటీర్లుగా పనిచేసే మనవాళ్లు ఈ ఒక్క ప్రశ్న ముందే అడగాలి, ‘ఎర్లీ ఓటింగ్ మొదలయ్యే ముందు రోజు మీరు రేసులో ఉంటారా, ఉంటే ఎప్పటిదాకా?’ అని.

మాస్టారూ, ఆ రెండు వైపుల కార్డు సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను. తను నర్సు, మంగళవారాలు పన్నెండు గంటల డ్యూటీ, ఎర్లీ ఓటింగ్ లేకపోతే తనకి ఓటే లేదు. ‘ఆగమని చెప్పడం నీకు తేలికే’ అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇక్కడి పార్టీ ప్రిసింక్ట్ (బూత్ స్థాయి) మీటింగ్‌లో 1, 2, 3 బ్యాలెట్ కోసం తీర్మానం పెట్టొచ్చట, ఎలా రాయాలో తెలిసినవాళ్లుంటే మెసేజ్ చేయండి, ఈ శనివారం కూర్చుని రాద్దాం.

డి మాయిన్ మాస్టారు

నాకు తెలుసు. సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయండి.