బాగుచేసిన పార్కుకు రాత్రిపూట తాళం వేయాలా, వద్దా?

వాకింగ్_బ్యాచ్ (హైదరాబాద్):
మా కాలనీ పార్కును ఈమధ్యే బాగుచేశారు. ట్రాక్, ఓపెన్ జిమ్, కొత్త బెంచీలు వచ్చాయి. రోడ్డు దాటితే సర్కారు దవాఖానా. తెల్లారి వాకింగ్‌కి వెళ్తే బెంచీల మీద దుప్పటి ముసుగులు, జిమ్ కడ్డీల మీద ఆరేసిన లుంగీలు, పొదల్లో సీసాలు. ఆడవాళ్లు ఐదింటికి రావడం మానేశారు. రాత్రి తొమ్మిదికి గేటుకు తాళం, ఎవరూ నడుం వాల్చకుండా బెంచీల మధ్యలో ఇనుప రాడ్లు, ఒక వాచ్‌మన్ కావాలని అసోసియేషన్ తరఫున అర్జీ రాస్తున్నాం. తప్పంటారా?

నైట్‌డ్యూటీ:
ఆ పడుకున్నవాళ్లెవరో ఒక్కసారైనా అడిగారా? నేను ఆ దవాఖానాలోనే పనిచేస్తాను. పేషెంట్ దగ్గర రాత్రి ఒక్కరినే ఉండనిస్తారు. ఊరి నుంచి ముగ్గురొస్తే మిగతా ఇద్దరూ ఎటు పోవాలి? మీ బెంచీ మీద తలకింద ఏముందో చూడండి. ఎక్స్‌రే కవరు, మందుల సంచీ, స్టీలు టిఫిన్ డబ్బా కనబడతాయి.

మూడోబెంచీ:
ఐదింటికి రావడం మానేసినవాళ్లలో నేనూ ఉన్నాను, కాబట్టి నా తరఫున ఎవరూ మాట్లాడక్కర్లేదు. నాకు భయం ముసుగు తన్ని పడుకున్నవాళ్లంటే కాదు. గేటు పక్కన బండ్లాపి తాగే కుర్రాళ్లంటే. వాళ్లందరికీ ఇళ్లున్నాయి! తాళం వేస్తే గోడ దూకేదీ వాళ్లే. వెనక గోడ వైపు లైట్లు వెలగవు, ముందు అది రాయండి అర్జీలో. వాచ్‌మన్ మాత్రం ఉండాల్సిందే, ఆ విషయంలో నేను మీ వైపే.

వాకింగ్_బ్యాచ్:
అందరూ పేషెంట్ల తాలూకు మనుషులే కాదు మేడమ్. మొన్న మతిస్థిమితం లేని ఒకాయన ఒంటి మీద నూలుపోగు లేకుండా ట్రాక్ మీద తిరిగాడు, పిల్లలు జడుసుకున్నారు. జాలి పడమంటే పడతాం. కానీ పార్కు షెల్టర్ కాదు కదా?

ఎల్ఏ_తెలుగు (లాస్ ఏంజెలెస్):
ఇదే గొడవ ఇక్కడ చాలా పెద్ద ఎత్తున జరిగింది. ఎకో పార్క్ అని ఉంది. చెరువు, చెరువు నిండా తామరలు, హంస ఆకారంలో తొక్కుడు పడవలు. సుమారు 4.5 కోట్ల డాలర్లు పోసి బాగుచేసి 2013లో తెరిచారు. కోవిడ్ కాలానికి గట్టంతా డేరాలే. 2021 మార్చిలో పోలీసులు దిగి చుట్టూ కంచె బిగించారు, నిరసనకారులతో కలిపి 180 మందికి పైగా అరెస్టయ్యారు. డేరాల్లోవాళ్లలో చాలామందిని హోటల్ గదులకు పంపారు. మే నెలలో పార్కు మళ్లీ తెరిచారు, పిల్లల్ని తీసుకుని జనం వచ్చారు. వాళ్ల సంతోషాన్ని నేను తప్పుపట్టను. డేరాలున్న రోజుల్లో అక్కడ మనుషులు చనిపోయారు కూడా.

కానీ ఏడాది తర్వాత ఇక్కడి యూసీఎల్ఏ యూనివర్సిటీ పరిశోధకులు ఆరా తీస్తే, తరలించిన 183 మందిలో స్థిరమైన ఇల్లు దొరికింది 17 మందికి. చాలామంది ఆచూకీయే లేదు. కంచె 2023లో తీసేశారు. ఇక 2024 జూన్‌లో మా సుప్రీంకోర్టు, షెల్టర్‌లో చోటు లేకపోయినా సరే, బయట పడుకుంటే జరిమానా వేయొచ్చని 6-3తో తేల్చింది. ఆ కేసూ గ్రాంట్స్ పాస్ అనే చిన్న ఊరి పార్కుల గురించే. జరిమానా కట్టే స్తోమతే ఉంటే మనిషి పార్కులో ఎందుకు పడుకుంటాడో నాకర్థం కాదు.

పాతబస్తీ_కుర్రాడు:
అమెరికా దాకా ఎందుకన్నా? 2017 నవంబర్‌లో ట్రంప్ కూతురు ఇవాంకా సదస్సుకొస్తుందని మన దగ్గర రెండు నెలలు భిక్షాటన నిషేధించారు. దొరికినవాళ్లను దొరికినట్టు చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల దగ్గరి ఆనందాశ్రమానికి తరలించారు. ఇప్పుడు ఏ సిగ్నల్ దగ్గరైనా నిలబడి చూడండి. 2024 దాకా నడిచిన కేంద్ర ప్రభుత్వ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో లక్ష జనాభాకు కనీసం 100 మందికి షెల్టర్ ఉండాలని రాశారు. హైదరాబాద్ జనాభాతో గుణించుకోండి, ఎన్ని వేల పడకలు కావాలో తేలుతుంది. అర్జీ పెట్టేదేదో దానికి పెట్టండి.

వాకింగ్_బ్యాచ్:
షెల్టర్ వచ్చేదాకా మా పిల్లలు ఆడుకోవద్దా? సరే, బెంచీల రాడ్లు అర్జీలోంచి తీసేస్తాం. మా ముసలాళ్లు కూడా అక్కడే కదా నడుం వాలుస్తారు. లైట్ల సంగతి చేరుస్తాం. తాళం మాత్రం ఉంటుంది.

నైట్‌డ్యూటీ:
తొమ్మిదికి తాళమంటే దవాఖానా విజిటర్లను బయటికి పంపే వేళకే మీ గేటు మూసుకుంటుంది. ఆ మనుషులంతా మీ ఇళ్ల ముందు ఫుట్‌పాత్ మీదే పడుకుంటారు. అప్పుడింకో అర్జీ రాస్తారా? దవాఖానా ఆవరణలో అటెండెంట్ల కోసం ఒక షెడ్డు అడగండి, మేం స్టాఫంతా సంతకాలు పెడతాం.

మూడోబెంచీ:
షెడ్డుకు నేనూ సంతకం పెడతా. తాళమంటే గుర్తొచ్చింది. పార్కు కట్టినప్పుడే బాత్రూమ్‌లు కూడా కట్టారు. తాళంచెవి అసోసియేషన్ దగ్గరే ఉంది, పాడుచేస్తారని తీయరు. పొదల వెనకాల వాసన అని వాకింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఫోటోలు పెడతారు. ముందు ఆ తాళం తీయించండి సార్, గేటు తాళం సంగతి తర్వాత చూద్దాం.