మొటిమలు తగ్గాయి, ఎర్ర మచ్చలు మాత్రం పోవట్లేదు

ప్రశ్న:
కొత్త మొటిమలు రావడం దాదాపు ఆగింది. కానీ బుగ్గల మీద, దవడ అంచున ఎర్రటి మచ్చలు అలాగే ఉండిపోయాయి. చేత్తో తడిమితే నున్నగానే ఉంది, గుంటలేమీ లేవు. వేడినీళ్లతో స్నానం చేస్తే మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. విటమిన్ సి అని ఒకరు, నయాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రకం) అని ఒకరు, పీలింగ్ (మందు రాసి చర్మం పైపొర ఊడేలా చేయడం) చేయించుకోమని ఇంకొకరు. ఫొటో దిగాలన్నా టెన్షన్‌గా ఉంది. నిజంగా పనిచేసేది ఏది?

జవాబు 1:
ముందు అవి ఏ రకం మచ్చలో తేల్చుకోండి. గాజు గ్లాసు తీసుకుని మచ్చ మీద మెల్లగా అదిమి, అందులోంచి చూడండి. ఎరుపు మాయమై, గ్లాసు తీయగానే మళ్లీ వస్తే అది రక్తనాళాల ఎరుపు. మొటిమ వాచినప్పుడు చుట్టూ ఉన్న సన్నటి నాళాలు వెడల్పయిపోతాయి, మొటిమ మానినా అవి వెంటనే మామూలు స్థితికి రావు. అదిమినా రంగు మారకుండా గోధుమ రంగులోనే ఉంటే అది మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం. ఈ తేడా చూసుకోకుండా కొంటే డబ్బులు దండగ, హైడ్రోక్వినోన్ లాంటి మచ్చల క్రీములు మెలనిన్ కోసం, ఎరుపుకి వాటితో పనిలేదు. రెండూ కలిసి ఉండేవాళ్లూ చాలామందే.

జవాబు 2:
ఎరుపే అయితే నా ఓటు అజెలైక్ యాసిడ్ ఉన్న క్రీముకి. 10 నుంచి 20 శాతం వరకు దొరుకుతుంది. వాపు తగ్గిస్తుంది, మిగిలిన మొటిమల మీదా పనిచేస్తుంది. మొహం పూర్తిగా ఆరాక బఠాణీ గింజంత తీసుకుని పల్చగా రాయండి, తడి మీద రాస్తే మంట ఎక్కువ. మొదట్లో రోజు విడిచి రోజు చాలు, కాస్త చురుక్కుమనడం మామూలే. పైన మాయిశ్చరైజర్. పగలు ఎస్పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువున్న సన్‌స్క్రీన్, బయట ఉంటే ప్రతి 2 గంటలకీ మళ్లీ. ఇది మానేస్తే మిగతావి ఎన్ని రాసినా లాభం తక్కువ. నయాసినమైడ్ 4, 5 శాతం సరిపోతుంది, ఇంకా ఎక్కువ శాతం కోసం వెతకొద్దు.

జవాబు 3:
నిమ్మరసం, గరుకు స్క్రబ్బులు దయచేసి వద్దు. చర్మం రేగితే ఎరుపు ఇంకా పెరుగుతుంది. అంతకన్నా ప్రమాదం, తెల్లబడతారని ఎవరో చెప్పారని స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాయడం. మొదట్లో బాగున్నట్టే ఉంటుంది, తర్వాత చర్మం పల్చబడి నాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలూ తిరగబెడతాయి. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అని ఉంటే డాక్టర్ చెప్పకుండా మొహానికి తాకించకండి.

అడిగినవారు:
గ్లాసుతో చూశాను, అదిమితే ఎరుపు పోతోంది. ఎన్నాళ్లు పడుతుంది?

జవాబు 2:
ఏమీ రాయకపోయినా చాలావరకు నెమ్మదిగా తగ్గేవే, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఒకే వెలుతురులో నెలకోసారి ఫొటో తీసి పోల్చుకోండి, రోజూ అద్దంలో చూస్తే మార్పు తెలియదు. గిల్లడం మాత్రం పూర్తిగా ఆపాలి. ఆరు నెలలైనా కదలిక లేకపోతే చర్మవ్యాధుల డాక్టర్‌ని కలవండి, ఈ ఎరుపుకి పల్స్‌డ్ డై లేజర్ ఉంది. అది నేరుగా రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ మీద పనిచేస్తుంది. చామనఛాయ, నలుపు చర్మానికి నల్లమచ్చలు పడే అవకాశం ఉంది కాబట్టి అలాంటి చర్మానికి చేసి అనుభవం ఉన్నవాళ్ల దగ్గరే చేయించుకోండి.