అప్‌డేట్: అంటు చాకు స్ప్రింగు విరిగిన సంగతి, కంపెనీ జవాబు

అనంతపురం దగ్గర మా నర్సరీలో రంగపూర్ నిమ్మ మొక్కలకు చీనీ (బత్తాయి) మొగ్గ అంట్లు కడుతుండగా మడత చాకు వెన్ను స్ప్రింగు (బ్లేడును బిగించి నిలిపే, పిడి వెన్నులోని పట్టీ) విరిగిందని, దాన్ని బాగుచేయించవచ్చా అని లోగడ అడిగాను. మీ సలహా ప్రకారం తయారీదారులకు ఫోటోలు పంపాను, చాకునే పంపమన్నారు.

విరిగిన అంచున గోరుగీటంత నల్లటి తుప్పు మచ్చ, మిగతా అంతా తళతళలాడే కొత్త విరుపు ఉన్నందున, పగులు ఎప్పుడో మొదలై, చాకు తెరిచి మూసిన ప్రతిసారీ స్ప్రింగు వంగడం వల్ల కొద్దికొద్దిగా పెరిగి చివరకు ఒక్కసారిగా తెగిందని వారు వివరించారు. నాకు ఇది సబబుగానే తోచింది, ఎందుకంటే మొక్కల రసం పిడిలోకి దిగుతున్నా నేను బ్లేడు మాత్రమే తుడిచేవాణ్ణి.

కొత్త చాకు ఇస్తామన్నారు కానీ, మా నాన్న వాడినది కనుక వద్దన్నాను. రివెట్లు తీసి కొత్త స్ప్రింగు ఉచితంగానే వేశారు. ఇప్పుడు బ్లేడు టక్కుమని నిలుస్తోంది.