శుక్ర, శని రెండు రోజుల్లో హైదరాబాద్: నలుగురికి ఎనిమిది వేలల్లో అవుతుందా?

గోదారిగట్టు:
రాజమండ్రి నుంచి వస్తున్నామండి. నేను, మా ఆవిడ, అమ్మ (62 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు), తొమ్మిదేళ్ల పాప. గురువారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శుక్రవారం పొద్దున్నే నాంపల్లిలో దిగుతాం. శనివారం రాత్రి బండికి వెనక్కి. శుక్రవారం చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్. శనివారం గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ అనుకున్నాం. రామోజీ ఫిల్మ్ సిటీ కూడా ఇరికించొచ్చా? రైలు ఖర్చు కాకుండా చేతిలో ఎనిమిది వేలు. ఆడవాళ్లకి సిటీ బస్సులు ఫ్రీ కదా, సరిపోతుందనే ధైర్యం.

పత్తర్‌గట్టీ:
ముందు ఆ రెండు రోజుల్నీ తారుమారు చేయండి. సాలార్‌జంగ్‌కీ చౌమహల్లాకీ సెలవు శుక్రవారమే. పైగా ఆ రోజు మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది, చార్మినార్ చుట్టూ కదలడానికి చోటుండదు. కాబట్టి శుక్రవారం గోల్కొండ వైపు, శనివారం పాతబస్తీ.

శనివారం పొద్దున నాంపల్లిలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్). అక్కణ్ణుంచి సాలార్‌జంగ్‌కి అమ్మగారి కోసం ఆటో మాట్లాడుకోండి. పదింటికి తలుపులు తీయగానే లోపలుంటే మంచిది. అక్కడి గడియారం అంటే పిల్లలకి ప్రాణం. గంట కొట్టే ముందు ఓ బుల్లి గడ్డపాయన తలుపు తీసుకుని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండు దెబ్బలు చూడాలని అందరూ మధ్యాహ్నానికే ఎగబడతారు. అప్పుడు పాపకి పెద్దవాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించవు. 11 గంటల ఆటకి పావుగంట ముందే వెళ్లి ముందు వరసలో కూర్చోండి. తర్వాత రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర కాసేపు ఆగండి. మొహం మీది ముసుగూ రాయే, దాని వెనక కళ్లూ ముక్కూ కనిపించేదీ ఆ రాతిలోనే. గదులన్నీ చూడాలని పట్టుబట్టకండి, అమ్మగారి కాళ్లు అక్కడే అయిపోతాయి.

మదీనా సెంటర్ దగ్గర భోంచేసి రెండింటికల్లా చౌమహల్లా. నాలుగింటికి చార్మినార్. పైకెక్కే మెట్లు ఇరుకు, ఒక్కోటి మోకాలంత ఎత్తు, చుట్లు తిరిగి ఉంటాయి. దిగేటప్పుడు ఇంకా కష్టం. అమ్మగారు కిందే కూర్చోవాలి. చీకటి పడ్డాక చార్మినార్ పక్కనే ఉన్న లాడ్‌బజార్ దీపాల్లో గాజులు చూడటానికే బావుంటుంది. మొదటి కొట్లోనే కొనకండి. అదే జత నాలుగు కొట్లలో అడిగితే అసలు ధర మీకే తెలిసిపోతుంది.

లెక్కలపుస్తకం:
బస్సుల సంగతి సరిచూసుకోండి. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఉచిత ప్రయాణం ఈ రాష్ట్రం ఆడవాళ్లకే. కండక్టర్ ఆధార్‌లో చిరునామా చూస్తారు. రాజమండ్రి చిరునామా ఉంటే ఇద్దరికీ టికెట్ కొట్టించుకోవాల్సిందే. రోజులో మూడు నాలుగు బస్సులు మారేట్టయితే కండక్టర్ దగ్గరే టీ-24 టికెట్ అడగండి. తీసుకున్నప్పటి నుంచి 24 గంటలు పనిచేస్తుంది. మీ ప్లాన్‌లో శుక్రవారం ఒక్కరోజుకే అది గిట్టుబాటు, శనివారం ఎటూ నడకా మెట్రోనే.

డబ్బులు అనవసరంగా పోయేది గది దగ్గర. చాలా లాడ్జీల్లో మధ్యాహ్నం 12 గంటలకి చెక్ఔట్. పొద్దున ఆరున్నరకి దిగితే పన్నెండింటికే ఒక రోజు అయిపోయినట్టు లెక్కేస్తారు. ఫోన్ చేసినప్పుడే "24 గంటల చెక్ఔటేనా" అని అడిగి ఖాయం చేసుకోండి. అలా దొరికితే ఒక్క రోజు అద్దె చాలు. శనివారం పొద్దున ఖాళీ చేసి సామాను లాడ్జిలో గానీ నాంపల్లి స్టేషన్ క్లోక్‌రూమ్‌లో గానీ పెట్టుకోవచ్చు. క్లోక్‌రూమ్‌లో తాళం లేని బ్యాగు తీసుకోరు. గుడ్డ సంచులు తెచ్చి వెనక్కి తిరిగేవాళ్లు ఎక్కువ. రెండు చిన్న తాళాలు ఇంటి దగ్గరే సర్దుకోండి.

నా లెక్క: గది 1,500. తిండి మనిషికి రోజుకి 300 చొప్పున 2,400. బస్సులు, మెట్రో, ఆటోలు 1,000. టికెట్లు, బోటు 1,000. మొత్తం 5,900. మిగిలింది గాజులకీ అనుకోని ఆటోలకీ. ఫిల్మ్ సిటీ మాత్రం వదిలేయండి. నలుగురి టికెట్లకే మీ డబ్బులో సగానికి పైగా, దాంతోపాటు ఒక రోజంతా పోతుంది.

గోదారిగట్టు:
శుక్రవారం సెలవు సంగతి తెలియకపోతే గేటు దగ్గర నిలబడేవాళ్లం. చాలా థాంక్సండి. గోల్కొండకి అమ్మని తీసుకెళ్లొచ్చా? లేక గదిలోనే ఉంచాలా?

బాలాహిస్సార్:
తప్పకుండా తీసుకెళ్లండి, పైదాకా మాత్రం వద్దు. కొండ మీది బారాదరి (మండపం) దాకా దాదాపు 360 మెట్లున్నాయి, అవీ ఎగుడుదిగుడు రాళ్లు. గుమ్మటం కింద ఒకరు చప్పట్లు కొడితే పైన వినిపిస్తుంది కదా, ఆ పని అమ్మగారికి అప్పజెప్పండి. మీరు పైకెళ్లి వినండి. ఆవిడకి కిందే తోట, చెట్ల నీడ ఉన్నాయి. దారిలో రామదాసు బందిఖానా ఉంటుంది, గోడ మీద ఆయన చెక్కినవని చెప్పే బొమ్మలు పాపకి చూపించండి.

టికెట్ పెద్దవాళ్లకి తలా 25, పదిహేనేళ్లలోపు పిల్లలకి లేదు. చార్మినార్‌కీ అంతే. నాంపల్లి నుంచి మెహిదీపట్నం, అక్కడ గోల్కొండ బస్సు. తొమ్మిదింటికి గేటు తీసేసరికి అక్కడుండాలి. పదకొండు దాటితే రాళ్లు సెగలు కక్కుతాయి. మనిషికో లీటరు సీసా కిందే నింపుకోండి.

మధ్యాహ్నం గదికొచ్చి పడుకోండి. బిర్లా మందిర్ అప్పుడు ఎలాగూ మూసే ఉంటుంది. నాలుగు దాటాక వెళ్లండి. లోపలికి ఫోన్లు రానివ్వరు, కౌంటర్లో ఇవ్వాలి. గదిలోనే వదిలేసి ఒక్కటి తెచ్చుకుంటే పని తేలిక. అక్కణ్ణుంచి ఆటోలో లుంబినీ పార్కు, బోటులో హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధుడి దగ్గరికి. ఏకశిల విగ్రహం అది. 1990లో తీసుకెళ్తుండగా సాగర్‌లో మునిగిపోతే 1992లో పైకి తీసి నిలబెట్టారు. గోల్కొండలో సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో బావుంటుంది గానీ దానికి ఆగితే ట్యాంక్‌బండ్ పోతుంది. పాప ఉంది కాబట్టి బోటుకే నా ఓటు.

లెక్కలపుస్తకం:
ఒకటి మర్చిపోయాను. తిరుగు టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు ఇప్పుడే చదవండి. కొన్ని బళ్లు సికింద్రాబాద్ నుంచి కాకుండా చర్లపల్లి నుంచి నడుస్తున్నాయి. చర్లపల్లికి మెట్రో లేదు. అక్కడైతే లాడ్‌బజార్‌లో ఆరున్నరకే లేచి, సామాను తీసుకుని, బండి టైముకి రెండు గంటల ముందు నాంపల్లి వదలాలి.