డిశ్చార్జ్ రోజు ఇన్సులిన్ నేర్పేటప్పుడు ఏమేం చూడాలి?

నైట్‌డ్యూటీ_వార్డు: కొత్తగా ఇన్సులిన్ పెట్టినవాళ్లకు డిశ్చార్జ్ రోజు నేర్పడానికి పావుగంట దొరికితే గొప్ప. ఆ కాసేపట్లో ఏది వదలకూడదు? ముఖ్యంగా 30/70 (త్వరగా పనిచేసేది 30 శాతం, నెమ్మదిగా పనిచేసేది 70 శాతం కలిపిన ఇన్సులిన్) సీసా, సిరంజితో ఇంటికెళ్లే పెద్దవాళ్ల విషయంలో.

ఎర్రమూత: ముందు సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి చూడండి. మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి. షాపులో ఉత్తగా "ఇన్సులిన్ సూది" అంటే నారింజ మూత సిరంజి ఇచ్చేయొచ్చు, అది మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్ కోసం చేసింది. 40 సీసాలోంచి దాంతో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లే. షుగర్ దిగదు, డోసు పెంచుతారు, ఆ తర్వాత ఎప్పుడో సరైన సిరంజి చేతికొస్తే ఒక్కసారిగా పడిపోతుంది. ఇన్సులిన్ పెన్నులో పెట్టే కార్ట్రిడ్జ్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. పెన్ను పాడైందని అందులోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగారా, 50 యూనిట్లు ఒంట్లోకి! వాడేసిన సిరంజి మూత ఒకటి చేతికిచ్చి, షాపులో అది చూపించి అడగమనండి. కాగితం మీద రాసిచ్చేదానికన్నా అదే పనికొస్తుంది.

ఓపీ_సిస్టర్: ఎర్రమూత గారు చెప్పింది నిజమే, కానీ దానికన్నా ముందు కళ్లు. సిరంజి చేతికిచ్చి "14 గీత చూపించండి" అనండి. శుక్లాలున్నవాళ్లు మొహమాటానికి ఎక్కడో ఒకచోట వేలు పెడతారు. అప్పుడు నేర్పాల్సింది కోడలికో మనవడికో. "అర్థమైందా అమ్మా?" అంటే తల ఊపనివాళ్లు ఉండరు, ఆ ప్రశ్నే దండగ. మీ ముందే లాగించండి. అసలు డిశ్చార్జ్ దాకా ఆగడం ఎందుకు, వార్డులో చివరి రెండు డోసులు వాళ్లచేతే వేయిస్తే సరిపోతుంది కదా.

పాత పేషెంటైతే పొట్ట, తొడలు తడిమి చూడండి. ఒకేచోట పొడిచి పొడిచి మెత్తటి గడ్డ కట్టి ఉంటుంది. అక్కడ నొప్పి తెలియదని అక్కడే వేసుకుంటారు, మందు సరిగా ఎక్కదు. చోటు మార్చగానే షుగర్ పడిపోవచ్చు కాబట్టి ముందే డాక్టరుకు చెప్పాలి. బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదలాలి, ఈరోజు వేసిన చోటికి రేపటిది వేలెడు ఎడంగా ఉండాలి.

నైట్‌డ్యూటీ_వార్డు: 30/70ని ఊపి లాగుతున్నారు చాలామంది.

ఎర్రమూత: ఊపితే నురగ, నురగతో డోసు తప్పుతుంది. అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేస్తే పాలలా ఒకే తెలుపు వస్తుంది. పలుకులు తేలినా, గోడకు తెల్లగా అంటుకున్నా పారేయాలి. వేసిన అరగంటకు తినాలి. సూది వేసుకుని పూజకు కూర్చునేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పండి.

ఓపీ_సిస్టర్: లో షుగర్ సంగతి ఇంట్లోవాళ్లకీ చెప్పాలి. 70 కన్నా తగ్గితే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. చాక్లెట్ వద్దు, కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్. బీపీకి మెటొప్రొలాల్ లాంటివి వాడేవాళ్లకు వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గుర్తుపెట్టుకోమనండి. ఇంకోటి, మామిడిపండు తిన్న చేత్తో గ్లూకోమీటర్ చూస్తే లేని షుగర్ కనిపిస్తుంది. సబ్బుతో కడిగి ఆరాకే గుచ్చాలి.

పల్లె_సబ్‌సెంటర్: ఫ్రిజ్ లేని ఇళ్లకు: పెద్ద కుండలో చిన్న కుండ, మధ్యలో తడి ఇసుక, పైన తడిగుడ్డ. సీసా తడవకుండా డబ్బాలో పెట్టి లోపల ఉంచాలి, నీడలో, గాలి తగిలేచోట. రామగుండం లాంటి పొడి ఎండలో బాగా చల్లబడుతుంది. కోస్తా ఉక్కపోతలో అంతగా ఉండదు, అక్కడ పక్కింటి ఫ్రిజ్ అడగడమే మేలు. ఫ్రిజ్‌లో అయినా తలుపు అరలోనే. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పైకి బాగానే కనిపించినా పనికిరాదు. మూత తీసిన తేదీ సీసా మీద పెన్నుతో రాయించండి, నాలుగు వారాలు దాటితే కొత్తది.

నైట్‌డ్యూటీ_వార్డు: వాడిన సూదులు?

పల్లె_సబ్‌సెంటర్: మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ముప్పావు నిండాక మూత బిగించి ఆసుపత్రికి తెచ్చివ్వమనండి. నీళ్ల బాటిల్ పల్చన, సూది బయటికి పొడుచుకొస్తుంది.