పవర్‌సేవ్ గవర్నర్: ఒక యంత్రంలో వేగం తగ్గడం లేదు, మరో యంత్రంలో తగ్గినా శక్తి ఆదా కావడం లేదు

ప్రశ్న (కెర్నల్‌బాటసారి)

నమస్కారం. లినక్స్ కెర్నల్ ప్రాసెసర్ వేగాన్ని ఎలా నియంత్రిస్తుందో తెలుసుకునే ప్రయత్నంలో ఒకదానికొకటి పొసగని రెండు ఫలితాలు ఎదురయ్యాయి. వాటి వెనుక ఉన్న కారణాన్ని తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో గవర్నర్‌ను, అంటే వేగాన్ని ఎంచుకునే కెర్నల్ భాగాన్ని, పవర్‌సేవ్‌కు మార్చాను. ఫ్రీక్వెన్సీ కనిష్ఠం దగ్గర నిలిచిపోతుందని అనుకున్నాను, కానీ కంపైలేషన్ మొదలుకాగానే అది టర్బో (మామూలు గరిష్ఠాన్ని మించిన వేగం) దాకా వెళ్లింది. పాత డెస్క్‌టాప్‌లో అదే పేరు గల గవర్నర్‌ను పెడితే ఫ్రీక్వెన్సీ నిజంగానే అట్టడుగున ఉండిపోయింది. అయితే ప్లగ్ దగ్గర పెట్టిన మీటరు ప్రకారం, అదే సోర్సును కంపైల్ చేయడానికి పట్టిన మొత్తం శక్తి పర్ఫార్మెన్స్ గవర్నర్‌తో పట్టినదానికంటే ఎక్కువగా తేలింది.

ఒకే పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ప్రవర్తిస్తోంది? ఫ్రీక్వెన్సీ తగ్గితే వోల్టేజీ కూడా తగ్గాలి కదా, మరి పాత యంత్రంలో శక్తి ఎందుకు పెరిగింది? చివరికి కెర్నల్‌కు నేను ఏమని చెప్పాలి?

సమాధానం (గడియారపుముల్లు)

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. ప్రతి కోరుకు (ప్రాసెసర్‌లో విడిగా పని నడిపే ఒక్కో భాగానికి) సంబంధించిన సీపీయూఫ్రీక్ డైరెక్టరీలో స్కేలింగ్ డ్రైవర్ అనే ఫైలు ఉంటుంది. ముందు దాన్ని చదవండి. పాత యంత్రంలో అక్కడ ఏసీపీఐ సీపీయూఫ్రీక్ అని, కొత్తదానిలో ఇంటెల్ పీస్టేట్ అని కనబడుతుందని నా అంచనా. మొదటి డ్రైవరుతో నడిచే పవర్‌సేవ్ కెర్నల్‌లోని సాధారణ గవర్నర్. అది చేసే పని ఒక్కటే, అనుమతించిన పరిధిలోని కనిష్ఠ వేగాన్ని అడిగి ఊరుకోవడం. 2013లో 3.9 వెర్షన్‌తో వచ్చిన ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్ యాక్టివ్ మోడ్‌లో ఉన్నప్పుడు ఈ సాధారణ గవర్నర్లను పక్కనపెట్టి, పర్ఫార్మెన్స్, పవర్‌సేవ్ అనే రెండు పేర్లతో తన సొంత పద్ధతులను చూపిస్తుంది. అక్కడ పవర్‌సేవ్ అంటే పని భారాన్ని బట్టి వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండే పద్ధతి. 2015 నాటి స్కైలేక్ తరంతో హార్డ్‌వేరే స్వయంగా వేగాన్ని ఎంచుకునే సౌకర్యం వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి ప్రాసెసర్లలో ఈ నిర్ణయం చాలావరకు చిప్ లోపలే జరిగిపోతుంది. కెర్నల్ కేవలం కనిష్ఠ, గరిష్ఠ హద్దులను, ఈపీపీ అనే 0 నుంచి 255 వరకు ఉండే మొగ్గు విలువను ఇస్తుంది. 0 వైపు పనితీరు, 255 వైపు ఆదా. మీ ల్యాప్‌టాప్‌లో మార్చవలసింది గవర్నర్ పేరును కాదు, ఈ విలువను.

రెండో ప్రశ్న అసలైనది. ప్రాసెసర్ స్విచింగ్‌కు ఖర్చయ్యే వాట్లు ఫ్రీక్వెన్సీకి, వోల్టేజీ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటాయి. కానీ మీకు కావలసింది వాట్లు కాదు, ఆ పని పూర్తయ్యేసరికి ఖర్చయిన జౌళ్లు. ఒక పనికి ఇన్ని సైకిళ్లు కావాలని అనుకుంటే, సైకిలుకు అయ్యే స్విచింగ్ ఖర్చులో ఫ్రీక్వెన్సీ అసలు మిగలదు, వోల్టేజీ వర్గం మాత్రమే మిగులుతుంది. అంటే వోల్టేజీ తగ్గకుండా గడియారాన్ని మాత్రమే సగం చేస్తే, అదే శక్తిని రెట్టింపు సమయంలో ఖర్చు చేస్తాం, అంతే. పైగా ప్రతి చిప్‌లోనూ వోల్టేజీకి ఒక అడుగు హద్దు ఉంటుంది. ఆ హద్దును తాకాక ఫ్రీక్వెన్సీని ఇంకా కిందికి లాగినా స్విచింగ్ శక్తిలో ఆదా ఏమీ రాదు. ఈలోగా లీకేజీ (స్విచింగ్ లేకపోయినా కారిపోయే కరెంటు), మెమరీ, మదర్‌బోర్డు, పవర్ సప్లై నష్టాలు మాత్రం క్షణక్షణమూ నడుస్తూనే ఉంటాయి.

ఊహించిన అంకెలతో లెక్క వేసి చూద్దాం. ఒక పనికి 2,400 కోట్ల సైకిళ్లు కావాలి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 1 వోల్టుతో ప్రాసెసర్ 12 వాట్లు తీసుకుంటే పని 10 సెకన్లలో పూర్తవుతుంది. 1.2 గిగాహెర్ట్జ్ దగ్గర వోల్టేజీ 0.8కి దిగితే ప్రాసెసర్ వాటా 3.84 వాట్లకు పడిపోతుంది, సమయం మాత్రం 20 సెకన్లవుతుంది. ఇప్పుడు మెలకువగా ఉన్నంతసేపూ మిగతా యంత్రం 8 వాట్లు, నిద్రలో ఉంటే అంతా కలిపి 1 వాట్ తీసుకుంటుందని అనుకోండి. వేగంగా చేసి మిగిలిన 10 సెకన్లు నిద్రపోయిన యంత్రానికి 210 జౌళ్లు, నెమ్మదిగా 20 సెకన్లూ పనిచేసినదానికి 236.8 జౌళ్లు. అదే మిగతా యంత్రం 3 వాట్లే తీసుకునేదైతే లెక్క తలకిందులవుతుంది. వేగానికి 160 జౌళ్లు, నిదానానికి 136.8. ఈ ఉదాహరణలో రెండు పద్ధతుల ఖర్చూ సమానమయ్యే గీత 5.32 వాట్ల దగ్గర పడుతుంది. మీ డెస్క్‌టాప్ ఆ గీతకు ఒక వైపున ఉంది, చేతిలో పట్టే పరికరం తరచుగా రెండో వైపున ఉంటుంది.

ఈ లెక్కలో ఒక మినహాయింపు తప్పకుండా చెప్పాలి. మెమరీ కోసం ఎదురుచూస్తూ గడిపే పనులకు సైకిళ్ల సంఖ్య స్థిరంగా ఉండదు. ప్రాసెసర్ వేగం సగమైనంత మాత్రాన మెమరీ నుంచి డేటా వచ్చే సమయం రెట్టింపు కాదు. కాబట్టి అటువంటి పనికి 20 సెకన్లు పట్టకపోవచ్చు, తక్కువ ఫ్రీక్వెన్సీ అప్పుడు నిజంగా లాభిస్తుంది. కంపైలేషన్ ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంటుంది.

సమాధానం (వరుసక్రమం)

గడియారపుముల్లు గారి లెక్కతో నాకు పేచీ లేదు. కానీ దాన్ని చదివినవారు త్వరగా ముగించి నిద్రపోవడమే ఎప్పుడూ మేలని అనుకునే ప్రమాదం ఉంది, అది సరికాదు. టర్బో పరిధిలో చివరి కొద్ది మెగాహెర్ట్జ్‌ల కోసం వోల్టేజీ నిటారుగా పెరుగుతుంది. అక్కడ సైకిలుకు అయ్యే ఖర్చు కూడా దానితోపాటే పెరుగుతుంది కాబట్టి, ఆ చివరి మెట్టు ఎక్కడం చాలా పనులకు శక్తిపరంగా నష్టమే. కనిష్ఠమూ కాదు, గరిష్ఠమూ కాదు, నడుమ ఎక్కడో ఒక చోటు ప్రతి యంత్రానికీ ఉంటుంది.

ఆ చోటును ఎవరు వెతకాలన్నదే కెర్నల్‌లో చాలాకాలం నడిచిన సమస్య. ఆన్‌డిమాండ్ గవర్నర్ కొంత వ్యవధికొకసారి ప్రాసెసర్ ఎంతసేపు ఖాళీగా ఉందో చూసి, భారం హద్దు దాటితే ఒక్కసారిగా గరిష్ఠానికి ఎగిరేది. ఏ పని ఆ భారాన్ని తెచ్చిందో, ఆ పని మరుక్షణంలో ఇంకో కోరుకు వెళ్లిపోతుందో దానికి తెలిసేది కాదు. ఆ సంగతులు తెలిసినది, ఏ పని ఏ కోరు మీద ఎప్పుడు నడవాలో నిర్ణయించే షెడ్యూలర్. అందుకే 2016లో 4.7 వెర్షన్‌తో వచ్చిన షెడ్‌యుటిల్ గవర్నర్ షెడ్యూలర్ దగ్గరున్న లెక్కనే నేరుగా వాడుకుంటుంది. కోరు వినియోగ నిష్పత్తిని గరిష్ఠ ఫ్రీక్వెన్సీతో గుణించి, దానికి 1.25 రెట్లు అడుగుతుంది. వినియోగం 80 శాతానికి చేరేసరికి గరిష్ఠ వేగాన్ని కోరుతుందన్నమాట. ఆ పావు వంతు అదనం వృథా కాదు, పని పెరుగుతున్నప్పుడు అది పెరిగిందని గమనించడానికి కావలసిన ఖాళీ అది.

వినియోగాన్ని కొలిచే పద్ధతిని కూడా దగ్గరగా చూడటం మంచిది. పెల్ట్ అనే ఈ లెక్క కాలాన్ని సుమారు ఒక్కో మిల్లీసెకను ముక్కలుగా తీసుకుంటుంది. పాత ముక్కల ప్రభావం 32 మిల్లీసెకన్లకు సగమవుతుంది. ఖాళీగా ఉన్న కోరు మీద ఆపకుండా నడిచే పని మొదలైతే 32 మిల్లీసెకన్లకు వినియోగం 50 శాతంగా, 64 మిల్లీసెకన్లకు 75 శాతంగా కనబడుతుంది. తెర మీద బొమ్మ గీయడానికి ఒక్కో ఫ్రేముకు 16 మిల్లీసెకన్లే ఉన్న పనికి ఇది మరీ నిదానం. అందువల్ల ఒక పని నిద్రకు వెళ్లేముందు ఎంత వాడిందో గుర్తుంచుకుని, లేచిన వెంటనే ఆ అంచనాతో మొదలుపెట్టే ఏర్పాటును తర్వాత చేర్చారు.

పెద్ద, చిన్న కోర్లు కలిసి ఉండే ఆర్మ్ చిప్‌లలో ఇదే ఆలోచన మరో అడుగు ముందుకు వెళ్లింది. 2019లో 5.0 వెర్షన్‌తో వచ్చిన ఎనర్జీ అవేర్ షెడ్యూలింగ్, ఒక పనిని ఏ కోరు మీద పెడితే మొత్తం శక్తి ఎంతవుతుందో ఎనర్జీ మోడల్ పట్టిక చూసి ముందే అంచనా వేస్తుంది. వ్యవస్థ మీద భారం బాగా పెరిగినప్పుడు ఈ అంచనాను వదిలి మామూలు భార పంపిణీకి మళ్లుతుంది. అప్పుడు ఎక్కడ పెట్టినా ఆదా చేయడానికి చోటు ఉండదు కనుక అది సబబే.

మూడో ప్రశ్నకు నా సలహా ఏమిటంటే, యంత్రం మొత్తానికి ఒకే వేగాన్ని బిగించకండి. షెడ్‌యుటిల్ నడిచే చోట యూక్లాంప్ అనే సౌకర్యంతో ఒక్కో పనికి విడిగా హద్దులు చెప్పవచ్చు. వెనక నడిచే ఇండెక్సింగ్, బ్యాకప్ వంటి వాటికి పై హద్దును తగ్గించి, ఆలస్యం సహించని ధ్వని పనికి కింది హద్దును పెంచితే, కెర్నల్‌కు ఊహించక తప్పని విషయాన్ని మీరే చెప్పినట్టవుతుంది.

మరో సందేహం (కెర్నల్‌బాటసారి)

ఇద్దరికీ ధన్యవాదాలు. డ్రైవర్ పేర్లు మీరు ఊహించినట్టే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో ఈపీపీని ఆదా వైపు జరిపాను, ఫలితం కనబడింది. అయితే ఏ పనీ లేనప్పుడు కూడా బ్యాటరీ అనుకున్నదానికంటే త్వరగా తరుగుతోంది. ఇంకొకటి, ప్రాసెసర్ ఖర్చు చేసిన శక్తిని లెక్కపెట్టే రాపల్ కౌంటరును మొదట ఒకసారి, చివర ఒకసారి చదివి తేడా తీస్తే ఒక సుదీర్ఘమైన పరీక్షలో రుణ సంఖ్య వచ్చింది. అది ఎలా సాధ్యం?

సమాధానం (గాఢనిద్ర)

రుణ సంఖ్య సంగతి ముందుగా. రాపల్ కౌంటరు 32 బిట్లది. నిండగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో అది నిండే హద్దు సుమారు 2,62,000 జౌళ్లు కాబట్టి, 30 వాట్ల చొప్పున సాగే పనికి రెండున్నర గంటల లోపే ఒక చుట్టు తిరుగుతుంది. కౌంటరు పక్కనే ఉండే గరిష్ఠ పరిధి ఫైలును చదివి, తేడా రుణంగా వచ్చినప్పుడు ఆ విలువను కలపాలి. పరీక్ష ఇంకా పొడవైనదైతే మధ్యమధ్యలో చదువుతూ పోవాలి. 2020 నుంచి కౌంటరు ఫైలును రూట్ (నిర్వాహక ఖాతా) మాత్రమే చదవగలదు. శక్తి అంకెల నుంచి రహస్య తాళాలను రాబట్టవచ్చని ప్లాటిపస్ అనే దాడి చూపించాక ఆ మార్పు చేశారు. ఒక హెచ్చరిక, ఈ కౌంటరు ప్రాసెసర్ ప్యాకేజీని, కొన్నింటిలో మెమరీని లెక్కిస్తుందే తప్ప తెరను, డిస్కును, పవర్ సప్లైను లెక్కించదు. మీ ప్లగ్ మీటరుతో దీని అంకె సరిపోలదు, సరిపోలకూడదు కూడా.

ఇక పని లేనప్పుడు తరిగే బ్యాటరీకి ఫ్రీక్వెన్సీతో దాదాపు సంబంధం లేదు. అక్కడ పెత్తనం, ఖాళీగా ఉన్న కోరును ఎంత లోతు నిద్రలో పెట్టాలో ఎంచుకునే సీపీయూఐడిల్‌ది. ఒక్కో నిద్ర స్థితికీ లేవడానికి పట్టే ఆలస్యం, ఆ నిద్ర గిట్టుబాటు కావాలంటే ఉండవలసిన కనీస నిడివి అనే రెండు గుణాలుంటాయి. ప్రతి కోరు కింద ఉన్న స్థితుల డైరెక్టరీల్లో వాడుక, సమయం అనే ఫైళ్లతోపాటు పైన, కింద అని రెండు లెక్కలు ఉంటాయి. ఎంచుకున్న నిద్ర మరీ లోతైనదై ముందే లేవవలసి వచ్చిన సందర్భాలు మొదటిదానిలో, ఇంకా లోతుగా పోవలసింది పోలేకపోయిన సందర్భాలు రెండోదానిలో నమోదవుతాయి. ఎక్కువమంది చూడని ఈ రెండు అంకెలు నా దృష్టిలో మొత్తం వ్యవస్థలోకెల్లా విలువైనవి.

అత్యంత లోతైన స్థితి వాడుక దాదాపు శూన్యంగా ఉంటే కారణాలు సాధారణంగా రెండు. మొదటిది, ఏదో ప్రోగ్రాము సీపీయూ డీఎంఏ లేటెన్సీ అనే పరికర ఫైలును తెరిచి, తక్కువ ఆలస్యం కావాలని అందులో రాసి, మూయకుండా ఉంచుకోవడం. ఆ ఫైలు తెరిచి ఉన్నంతకాలం కెర్నల్ లోతైన నిద్రలను నిరాకరిస్తుంది, ప్రోగ్రాము ఆగగానే ఆ కోరిక రద్దవుతుంది. ధ్వని, వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్లను ముందుగా అనుమానించండి. రెండోది, తరచుగా మోగే టైమర్లు. పవర్‌టాప్‌ను నడిపితే సెకనుకు ఏ ప్రోగ్రాము ఎన్నిసార్లు లేపుతోందో కనబడుతుంది. ఒక్క కోరు మేలుకుని ఉన్నా ప్యాకేజీ మొత్తం గాఢనిద్రలోకి పోలేదు, అందుకే ఒక చిన్న తుంటరి ప్రోగ్రాము ఖర్చు దాని పరిమాణానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఆ ప్రోగ్రాము మీరు రాసినదే అయితే టైమర్ స్లాక్‌ను, అంటే టైమరు ఎంత ఆలస్యంగా మోగినా ఫరవాలేదో చెప్పే సడలింపును, పెంచండి. మామూలు థ్రెడ్‌కు అది 50 మైక్రోసెకన్లు మాత్రమే. సెకనుకు ఒకసారి లేచి ఏదో చూసి పడుకునే పనికి కొన్ని మిల్లీసెకన్ల సడలింపు ఇచ్చినా లోటు రాదు, కెర్నల్ మాత్రం దాన్ని పక్కనున్న మరో టైమరుతో కలిపి ఒకేసారి లేపగలుగుతుంది. ఆ మార్పుకు ముందూ తర్వాతా, తెర కాంతి మార్చకుండా, పైన చెప్పిన వాడుక, కింద అనే రెండు ఫైళ్ల అంకెలను ఇక్కడ పెడితే ఏ స్థితి దగ్గర ఆగిపోతోందో చూసి చెప్పవచ్చు.